ఖ్మేర్ ఆలయాల ఇసుకరాతి శిల్పాలు: ఊడిపోతున్న చెక్కడాన్ని నిలబెట్టే పద్ధతి

కంబోడియాలో ఖ్మేర్ రాజులు కట్టించిన అంగ్‌కోర్ వాట్ గోడల మీద సుమారు 1,850 దేవతామూర్తులున్నాయి. దూరం నుంచి అన్నీ గట్టిగానే కనిపిస్తాయి. దగ్గరికెళ్లి పక్కవాటుగా చూస్తే చాలాచోట్ల ముఖం, కిరీటం, మెడలో హారాలు అన్నీ రాతి పైపొరలోనే, కొద్ది మిల్లీమీటర్ల మందంలో ఉన్నట్టు తెలుస్తుంది. ఆ పొర వెనక రాతిని వదిలేసి పెచ్చుగా నిలబడి ఉంటే, అది రాలిన రోజున దేవత కూడా పోతుంది. మిగిలేది ఇసుక రాలే బోసి రాయి. కాబట్టి ఈ పనికి దిగేవాళ్లు ముందు చూడాల్సింది ఏది ఊడబోతోందన్నది. మురికి సంగతి తర్వాత. నల్లగా ఉన్న శిల్పం ఇంకో పదేళ్లు నల్లగా ఉన్నా నష్టం తక్కువే. పెచ్చు కట్టిన బుగ్గ మాత్రం వచ్చే వానాకాలం దాకా ఆగకపోవచ్చు.

రాయి ఎందుకు పెచ్చులు కడుతుంది

అంగ్‌కోర్ వాట్, బయోన్ వంటి ఆలయాల్లోని బూడిదరంగు ఇసుకరాయి ఫ్నోమ్ కులేన్ కొండల అడుగున ఉన్న క్వారీల నుంచి వచ్చింది. అందులో క్వార్ట్జ్‌తో పాటు ఫెల్డ్‌స్పార్, రాతి తునకలు, వాటిని పట్టి ఉంచే బంకమన్ను ఖనిజాలు ఉంటాయి. చిక్కంతా ఆ బంకమన్నుతోనే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలిన రాతి మీద సాయంత్రం జడివాన పడితే పైపొర ఒక్కసారిగా ఉబ్బుతుంది, లోపలి రాయి అలాగే ఉంటుంది. ఈ లాగులాట ఏళ్ల తరబడి సాగితే తడి ఎంత లోతు వరకు ఇంకుతుందో దాదాపు అక్కడే, ఉపరితలానికి సమాంతరంగా పగులు పుడుతుంది. అందుకే పెచ్చు శిల్పం ఆకారాన్నే అనుసరిస్తూ విడిపోతుంది.

రెండో కారణం రాయిని నిలబెట్టిన తీరు. ఇసుకరాయి పేకముక్కల దొంతర లాంటిది. పొరలు అడ్డంగా ఉండేలా పేరిస్తే పై బరువు వాటిని అదిమి ఉంచుతుంది. స్తంభాలకు, ద్వారబంధాలకు పొడవాటి రాళ్లు కావాలి కనుక పొరలు నిలువుగా వచ్చేలా నిలబెట్టారు. అలాంటి రాయి బరువు కింద పక్కలకు విచ్చుకుంటుంది, వాన నేరుగా పొరల సందుల్లోకి దిగుతుంది.

మూడోది ఉప్పు. నేలలోంచి ఎక్కే చెమ్మ, గబ్బిలాల పెంట, పాత మరమ్మతుల సిమెంటు, ఈ మూడూ సల్ఫేట్లు, నైట్రేట్లు, ఫాస్ఫేట్లు తెస్తాయి. నీరు ఆవిరయ్యే చోట అవి స్ఫటికాలు కట్టి రాతి రేణువులను తోసేస్తాయి. స్తంభాల అడుగుభాగం సన్నబడి నడుము చిక్కినట్టు కనిపించేది దీనివల్లే.

967లో ప్రతిష్ఠించిన బాంటే స్రేయ్ ఆలయాన్ని చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడి ఎర్ర ఇసుకరాయిలో క్వార్ట్జ్ పాలు చాలా ఎక్కువ. అంగ్‌కోర్ వాట్ కంటే సుమారు నూటయాభై ఏళ్లు పాతదైనా, ఆకుల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఒక ఆలయానికి సరిపోయిన మందు ఇంకోదానికి సరిపోదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ప్రతి రాతికీ ముందుగా ప్రయోగశాలలో పరీక్ష జరగాల్సిందే.

అనుమతి, కాలం

అంగ్‌కోర్ ప్రాంతంలో ఏ రాతినైనా ముట్టుకోవాలంటే 1995లో ఏర్పాటైన, అంగ్‌కోర్ బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థ అప్సర అథారిటీ అనుమతి ఉండాలి. 1996 నాటి కంబోడియా వారసత్వ రక్షణ చట్టం ప్రకారం రాలిపడిన తునక కూడా రక్షిత వస్తువే. పరీక్షకు తునకలు కావాలంటే అనుమతి పత్రంలో రాయించుకుని, ఎక్కడ దొరికిందో గుర్తు వేసి, మిగిలింది తిరిగి అప్పగించాలి.

పనికి అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. మే నుంచి అక్టోబరు దాకా వానలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాయి మరీ వేడెక్కుతుంది. అప్పుడు గట్టిపరిచే ద్రవం లోపలికి ఇంకకముందే పైన ఆవిరైపోతుంది.

ముందు చూడడం, వినడం, గీయడం

శిల్పానికి ఎదురుగా ఒక ఫొటో, ఆ తర్వాత దీపాన్ని గోడకు దాదాపు ఆనించి పక్కవాటు వెలుగులో నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీయండి. పక్క వెలుగులో పెచ్చు అంచులు, పొక్కుల్లా లేచిన చోట్లు నీడలతో బయటపడతాయి. ఫొటోలను కంప్యూటర్‌లో రంగుల తేడా పెంచి కూడా చూడాలి. అంగ్‌కోర్ వాట్ గోడల మీద కంటికి కనిపించని రెండువందలకు పైగా చిత్రాలు ఇలాగే బయటపడ్డాయని 2014లో ప్రచురితమైంది. శిల్పాల మీద కూడా ఎరుపు రంగు, లక్క, బంగారు పూత ఆనవాళ్లు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. వాటిని గుర్తించకుండా కుంచె ఆడిస్తే ఆ కాస్తా పోతుంది.

తర్వాత వినాలి. వేలి కణుపుతోనో చిన్న ప్లాస్టిక్ కడ్డీతోనో చాలా మెల్లగా, రెండేసి సెంటీమీటర్ల దూరంలో తట్టుతూ పోండి. గట్టి రాయి పొట్టిగా, పదునుగా పలుకుతుంది. డొల్ల ఉన్నచోట శబ్దం బొంగురుపోయి కాస్త సాగుతుంది. పెచ్చు మరీ పలచనైతే గలగలమంటుంది. అక్కడ తట్టడం వెంటనే ఆపేయాలి. డొల్ల హద్దును ఫొటో ప్రింటు మీద గీసి, 1:10 కొలతలో పటం చేయండి. డొల్ల, పొడి రాలడం, పగులు, ఉప్పు, పాచి, పాత మరమ్మతు, ఒక్కోదానికి ఒక్కో రంగు. వాటి మీద ఇంకో గుర్తు: తక్షణం, ఈ ఏడాది, గమనిస్తే చాలు. ఈ చివరి గుర్తే పని క్రమాన్ని నిర్ణయిస్తుంది. డబ్బు, మనుషులు ఎప్పుడూ తక్కువే కాబట్టి, ఇది తప్పితే గట్టిగా ఉన్న శిల్పం మెరుస్తుంది, పక్కది రాలిపోతుంది.

రాయి నీటిని ఎంత వేగంగా తాగుతుందో కార్స్టెన్ గొట్టంతో (గోడకు అంటించి నీళ్లు పోసే, కొలత గీతలున్న గాజు గొట్టం) కొలవండి. గట్టి చోట, పాడైన చోట, రెండింటా తీసుకోవాలి. చికిత్స తర్వాత పోల్చడానికి ఈ అంకెలే ఆధారం. ఉప్పు ఉందనిపిస్తే రాలిన పొడిలో కొంచెం తీసి డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటిలో కలిపి సల్ఫేట్, నైట్రేట్ పరీక్ష పట్టీలు ముంచి చూడండి.

నీటి దారి మళ్లించడం

పైకప్పు రాళ్ల సందుల్లోంచి కారే నీరు ఆగకుండా శిల్పాన్ని గట్టిపరచడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. వాన పడుతున్నప్పుడు ఒక్కసారైనా అక్కడ నిలబడి ధార ఎటు దిగుతోందో చూడాలి. ఎండాకాలంలో గోడ మీద మరకలు చూసి ఊహించింది తరచూ తప్పుతుంది. కప్పు సందులు సరిచేయడం, అడుగున నిలిచే నీటికి దారి తీయడం ముందు జరగాలి.

గబ్బిలాల పెంటను పొడిగానే ఎత్తాలి. నీళ్లతో కడిగితే అందులోని లవణాలన్నీ కరిగి రాతిలోకి దిగుతాయి. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకు హాని చేసే శిలీంధ్రాలు ఉండొచ్చు, మంచి మాస్కు లేకుండా లోపలికి వెళ్లొద్దు.

రాలబోయే పెచ్చును తాత్కాలికంగా పట్టి ఉంచడం

కదులుతున్న పెచ్చు మీద ముందుగా జపాన్ కాగితం (పలచగా ఉన్నా గట్టిగా ఉండే నార కాగితం) అతికించాలి. అరచేతి కంటే చిన్న ముక్కలుగా, అంచులు చేత్తో చింపినవి వాడండి. కత్తెరతో కోసిన అంచు తీసేటప్పుడు గీత పెట్టి రేణువులను లాగుతుంది. జిగురుగా నీటిలో 2 శాతం మిథైల్ సెల్యులోజ్ సరిపోతుంది. నీరు తగలకూడని చోట మైనం లాంటి సైక్లోడోడికేన్ కరిగించి పూస్తారు. అది తనంతట తానే ఆవిరైపోతుంది, కంబోడియా వేడికి మరీ త్వరగా పోతుంది. దాన్ని నమ్ముకుని పని వాయిదా వేయకూడదు. బరువైన పెచ్చుకు స్పాంజి అడ్డుపెట్టి వెదురు ఊతం ఇవ్వండి.

గట్టిపరచడం

పొడి రాలే రాతికి అంగ్‌కోర్‌లో బాగా పనికొచ్చింది సిలిసిక్ యాసిడ్ ఈస్టర్, అంటే ఇథైల్ సిలికేట్. 1995లో మొదలై అంగ్‌కోర్ వాట్ దేవతల మీద పనిచేసిన జర్మన్ అప్సర పరిరక్షణ ప్రాజెక్టు ఈ కుటుంబం మందులనే ప్రధానంగా వాడింది. ఇది నీళ్లలా పలచగా ఉండి రాతి రంధ్రాల్లోకి దిగుతుంది. అక్కడి చెమ్మతో కలిసి ఆల్కహాల్ వదులుతూ సిలికా జెల్‌గా మారుతుంది. ఆ జెల్ రేణువుల మధ్య కొత్త వంతెనలు కడుతుంది. మామూలు రకం జెల్ ఎండాక పెళుసుగా పగులుతుంది కాబట్టి, బంకమన్ను ఉన్న ఈ రాతికి సాగే గుణం చేర్చిన రకం తీసుకోవాలి. డబ్బా మీద 300 అని ఉంటే లీటరుకు సుమారు 300 గ్రాముల జెల్ మిగులుతుందని అర్థం.

ముందు రోజే గోడకు నీడ కట్టండి. రాతి ఉష్ణోగ్రత 25 డిగ్రీల లోపు ఉంటే మేలు, అంగ్‌కోర్ పక్క పట్టణమైన సియెం రీప్‌లో అది చలికాలపు తెల్లవారుజామునే దొరుకుతుంది. రాయి పొడిగా ఉండాలి, అయితే పూర్తిగా చెమ్మ లేని గాలిలో జెల్ తయారుకాదు. చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. మూసుకున్న మండపాల్లో గాలి ఆడేలా చూసుకోవాలి.

పూసే పద్ధతి: పిపెట్‌తో గానీ సిరంజితో గానీ బొట్లు బొట్లుగా ఇస్తూ, రాయి తాగినంతసేపు ఆపకుండా, తడి ఆరకముందే మళ్లీ ఇవ్వాలి. మధ్యలో గంట ఆగి మొదలుపెడితే రెండో విడత లోపలికి వెళ్లదు. ఉపరితలం మీద తళుకు నిలిచిందంటే కడుపు నిండిందని గుర్తు. అప్పుడు ఆపి, పైన మిగిలింది కొద్ది నిమిషాల్లోనే వైట్ స్పిరిట్ తడిపిన దూదితో అద్దేయాలి. వదిలేస్తే మెరిసే బూడిదరంగు పెంకు కడుతుంది, దాన్ని తర్వాత తీయడం శిల్పాన్ని చెక్కినంత పని. ఎన్ని మి.లీ. పట్టిందో పటం మీద అక్కడే రాయండి.

జరిగే పెద్ద పొరపాటు లోతు చాలకపోవడం. పాడైన పొర 10 మి.మీ. ఉంటే మందు 4 మి.మీ. దగ్గర ఆగిపోయిందనుకోండి, గట్టి పెంకు మెత్తటి ఇసుక మీద కూర్చున్నట్టవుతుంది. ప్రకృతి చేసిన పెచ్చు పక్కన మనం ఇంకోటి తయారుచేసినట్టే. అందుకే రాలిన తునకల మీద ముందుగా ప్రయత్నించి, విరిచి, మందు ఎంత లోతు దిగిందో నీటిబొట్టు వేసి చూడాలి. మందు పట్టిన భాగం కొన్ని వారాలు నీటిని వికర్షిస్తుంది, బొట్టు గుండ్రంగా నిలుస్తుంది. పట్టని భాగం వెంటనే పీల్చేస్తుంది. ఈ వికర్షణ వల్లే గట్టిపరిచిన వెంటనే నీటితో కలిపిన గార అంటుకోదు. చర్య పూర్తికావడానికి మూడు వారాలదాకా పడుతుంది, అంతవరకు వాన తగలనీయకండి.

ఒక పెచ్చును వెనక్కి అతికించడం

దేవత ఎడమ బుగ్గ మీద అరచేతి వెడల్పు పెచ్చు ఉందనుకుందాం. మందం 8 మి.మీ., వెనక సందు 2 మి.మీ. చెవి దగ్గర అంచు తెరుచుకుని ఉంది, ముక్కు వైపు ఇంకా రాతికి అతుక్కునే ఉంది.

చెవి దగ్గరి సందులోంచి రబ్బరు బల్బుతో గాలి ఊది లోపలి ఇసుకను రాల్చండి. పడిన ఇసుకను గుడ్డలో పట్టి పొట్లం కట్టి దాచండి, గారలో పనికొస్తుంది. ఆపైన ఇథనాల్ కొద్దిగా ఎక్కించండి. ధూళిని కడుగుతుంది, ఎక్కడైనా బయటికి కారితే దాగి ఉన్న పగులు చూపిస్తుంది. అది ఆరాక సాగే రకం ఈస్టర్‌తో లోపలి రెండు ముఖాలనూ గట్టిపరచాలి. ఈ మెట్టు దాటేస్తే గార పొడి మీద అంటుకుంటుంది, రాతికి కాదు.

ఎక్కించే గారకు ఎక్కువ జెల్ ఇచ్చే సాగే ఈస్టర్‌లో రెండు మూడు మెత్తదనాల క్వార్ట్జ్ పొడి కలుపుతారు. బరువులో ద్రవం ఒక పాలుకు పొడి ఒకటి నుంచి ఒకటిన్నర పాళ్లతో మొదలుపెట్టి, సూదిలోంచి సాఫీగా జారేదాకా సరిచూసుకోండి. పొడిలో అతిపెద్ద రేణువు సందు వెడల్పులో మూడోవంతుకు మించకూడదు, లేకపోతే మెడ దగ్గరే ఇరుక్కుంటుంది. గిన్నె అడుగున పొడి పేరుకుంటుంది కనుక ప్రతి సిరంజికీ మళ్లీ కలపాలి.

తెరుచుకున్న అంచును తడి బంకమట్టితో మూసి, కింద ఒక సూది, పైన గాలి పోయేందుకు ఒక రంధ్రం వదలండి. కింది నుంచి పైకి 5 మి.లీ. చొప్పున ఎక్కించాలి. ఒక్క విడతలో 5 సెం.మీ. ఎత్తుకు మించి నింపొద్దు. ద్రవం బరువు అడుగున పెచ్చును బయటికి నెడుతుంది, ఒక మిల్లీమీటరు కదిలినా ముక్కు వైపు మిగిలిన పట్టు తెగుతుంది. ఎడమ అరచేయి పెచ్చు మీదే ఉంచండి. వేళ్లకు తెలిసినంత త్వరగా కంటికి తెలియదు. పై రంధ్రంలో గార కనిపించాక ఆపి, స్పాంజి ఊతం పెట్టి రెండు మూడు రోజులు వదిలేయండి. సందంతా నింపాలన్న పట్టుదల వద్దు. చుక్కలు చుక్కలుగా పట్టు దొరికితే పలచని పెచ్చుకు చాలు, వెనక చెమ్మ ఊపిరి తీసుకోవడానికి దారి కూడా మిగులుతుంది. చేతిరుమాలు కంటే పెద్దవి, బరువైనవి అయితే గారతో పాటు 3–4 మి.మీ. గాజునార కడ్డీలో, టైటానియం కడ్డీలో కావాలి. చెక్కడం లేని చోటే రంధ్రం వేయాలి.

అంచులు పూడ్చడం

తెరిచి ఉన్న అంచు వాననీటిని లోపలికి తాగుతుంది. అదే జాతి రాతిని దంచి జల్లెడ పట్టండి. సన్న అంచులకు 0.5 మి.మీ. లోపు, లోతైన చోట 1 మి.మీ. వరకు. దానికి సాగే సిలికేట్ ద్రవమో, 30 శాతం సిలికా సోల్ (అతి సన్నని సిలికా రేణువులు తేలే నీరు) గానీ కలపాలి. 100 గ్రాముల పొడికి 20 మి.లీ. దగ్గర మొదలుపెట్టి, పిడికిట్లో నొక్కితే ముద్ద నిలిచి, వేలితో తాకితే చెమ్మ అంటీ అంటనట్టుండేదాకా చూసుకోండి. సోల్ ఎక్కువైతే ఎండి నెర్రెలిస్తుంది. రంగు తడిలో సరిచూడొద్దు, నమూనా బిళ్లలు చేసి ఆరాక పోల్చండి. గార రాతికంటే మెత్తగానే ఉండాలి. రేపు ఏదైనా విరగాల్సి వస్తే గారే విరగాలి.

అంచును పెచ్చు కంటే వెంట్రుకవాసి లోపలికి, నీరు నిలవకుండా వాలుగా దిద్దండి. పోయిన ముక్కును, పెదవులను కొత్తగా మలచకూడదు. ఆధారం లేని ఊహ ఖ్మేర్ శిల్పి పక్కన నిలబడే అర్హత లేనిది.

ఉప్పు తీసే పట్టు

ఉప్పున్న రాతిని గట్టిపరిస్తే ఉప్పు లోపలే చిక్కుకుంటుంది. అందుకే వీలైన చోట పట్టు (ఉప్పును పీల్చుకోవడానికి గోడకు వేసే తడి ముద్ద) ముందు, మందు తర్వాత. చెయ్యి తగిలితేనే రాలే చోట మాత్రం పలచగా ఒక విడత మందు ఇచ్చి, నీటిని వికర్షించడం తగ్గాక పట్టు వేయాలి.

ఘనపరిమాణంలో సెల్యులోజ్ నార ఒకటి, కేయోలిన్ (తెల్ల బంకమట్టి) ఒకటి, కడిగిన సన్న ఇసుక రెండు పాళ్లు, డీమినరలైజ్డ్ నీటితో ముద్దగా కలపండి. గోడకు ముందు జపాన్ కాగితం, దాని మీద 10–15 మి.మీ. మందాన పట్టు వేసి, సందు లేకుండా అదమండి. తానే ఆరి వదిలేదాకా ఉంచాలి, వానలు లేని నెలల్లో దాదాపు వారం. తడిగా ఉండగానే తీస్తే పైకి రావాల్సిన ఉప్పు రాతిలోనే ఆగిపోతుంది. తీసిన పట్టులో 10 గ్రాములు 100 మి.లీ. నీటిలో కలిపి వడకట్టి విద్యుద్వాహకత (ఉప్పు ఎక్కువైతే ఇది పెరుగుతుంది) కొలిచి, వాడని పట్టుతో పోల్చండి. అంకె ఇక తగ్గనిదాకా, తరచూ మూడు విడతలు పడుతుంది. జిప్సం నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది కాబట్టి, అది ఉన్నచోట ఓపిక ఎక్కువ కావాలి.

పాచి, లైకెన్

ఎక్కువమంది ఇక్కడి నుంచే మొదలుపెట్టాలనుకుంటారు, అదే ప్రమాదం. లైకెన్ (శిలీంధ్రం, పాచి కలిసి రాతి మీద పెరిగే మచ్చల్లాంటి పొర) వేర్ల లాంటి పోగులు రేణువుల మధ్యకు దిగి ఉంటాయి. పీకితే రేణువులు దానితోనే వస్తాయి. ఎండ తగిలే గోడ మీద ఆకుపచ్చ పాచిని, లైకెన్‌ను పూర్తిగా గీకేస్తే, ఎండకూ కరువుకూ తట్టుకునే నల్లటి సయనోబాక్టీరియా ఆ చోటు ఆక్రమిస్తుంది. నలుపు వేడిని పీల్చుకుంటుంది, మొదట చెప్పిన ఉబ్బు, ముడత మరింత పెరుగుతాయి. పెచ్చు హద్దు తెలియడానికో, గార పట్టడానికో అడ్డొచ్చినంత మేర మాత్రమే తడిపి, మెత్తని కుంచెతో, వెదురు పుల్లతో తీయండి. తీగకుంచె, ఆమ్లం, అధికపీడన నీరు ముట్టుకోవద్దు. పగులులో మొలిచిన మొక్కను లాగకుండా మొదలు దగ్గర కోసి ఎండనివ్వండి.

నీటిని వికర్షించే పూతలు కూడా ఈ గోడలకు పనికిరావు. నేల నుంచి, కప్పు నుంచి నీరు వెనకగా వస్తూనే ఉంటుంది, ముందు దారి మూస్తే పూత వెనకే ఉప్పు కట్టి మొత్తం పొరను తోసేస్తుంది. పాత సిమెంటు అతుకులు ఉప్పు వదులుతుంటే తీయాలి, చెక్కడానికి గట్టిగా అంటుకుని ఉంటే మాత్రం చుట్టూ సడలించి వదిలేయడమే మేలు. దాన్ని ఊడబీకే దెబ్బకు పోయే రాయి ఎక్కువ.

పని అయ్యాక

ఏ మందు, ఏ బ్యాచ్, ఎన్ని మి.లీ., రాతి ఉష్ణోగ్రత, తేదీ అన్నీ పటంతో కలిపి అప్సర అథారిటీకి ఒక ప్రతి ఇవ్వండి. మూడు నెలలకు కార్స్టెన్ గొట్టం మళ్లీ పెట్టండి. చికిత్స పొందిన రాయి నీటిని కాస్త నెమ్మదిగా తాగాలి, అసలు తాగకపోతే మందు ఎక్కువైనట్టు. మొదటి వానాకాలం ముగిసిన నవంబరులో అదే పటం పట్టుకుని, అవే చోట్ల వేలి కణుపుతో తట్టి చూడండి. గారకూ రాతికీ మధ్య వెంట్రుకవాసి గీత కనిపిస్తే అంచును అప్పుడే మళ్లీ దిద్దండి, డొల్ల శబ్దం పాత హద్దు దాటి వినిపిస్తే కొత్త హద్దును ఇంకో రంగుతో గీసి తేదీ వేయండి.